ఎడమ లైను ఖాళీ చేయించండి, లారీలు కుడి లైను వదులుతాయి

ఎడిటర్ గారికి నమస్కారం.

చిత్తూరు నుంచి తిరుపతికి ఆరు లైన్ల రోడ్డు వేశారు. ఒక్కో వైపు మూడు లైన్లు. అంత రోడ్డు ఉన్నా కార్లు, బస్సులు, అంబులెన్సులు లారీల వెనక వరస కట్టి పోవాల్సి వస్తోంది. రోడ్డు చాలక కాదు. ఒక లారీ డివైడర్ పక్క లైను, ఇంకో లారీ మధ్య లైను పట్టుకొని కిలోమీటర్ల కొద్దీ జంటగా పోతుంటాయి. నేను పూతలపట్టులో ఉంటాను. సొంత కారును టాక్సీగా తిప్పుకొంటున్నాను. తిరుపతి స్విమ్స్‌కు, వేలూరు సీఎంసీకి పేషెంట్లను తీసుకెళ్లే కిరాయిలే నాకు ఎక్కువ. కారు కొనకముందు చాలా ఏళ్లు లారీ తోలాను. లారీ క్యాబిన్‌లోంచి రోడ్డు ఎలా కనిపిస్తుందో, కారులోంచి ఎలా కనిపిస్తుందో రెండూ తెలుసు. అందుకే లారీ డ్రైవర్లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

ముందు ఓవర్‌టేక్ సంగతి చెప్తాను. లారీలకు స్పీడ్ గవర్నర్ ఉంటుంది, 80 దాటి పోనివ్వదు. నాలుగు లైన్లు, అంతకు పైన ఉన్న డివైడర్ రోడ్ల మీద సరుకు బండ్లకు కేంద్రం 2018లో పెట్టిన పరిమితి కూడా గంటకు 80 కిలోమీటర్లే. కార్లకు 100. లోడ్ బండి మామూలుగా 65, 70 మధ్యలో పోతుంది. 65లో పోయే ట్రైలర్‌ను 70లో వచ్చే ట్రైలర్ దాటాలంటే ఎంత దూరం కావాలో లెక్క వేయండి. రెండు బండ్ల పొడవు, ముందూ వెనకా వదలాల్సిన గ్యాప్ కలిపితే 70 మీటర్లకు తక్కువ కాదు. గంటకు 5 కిలోమీటర్ల తేడా అంటే సెకనుకు మీటరున్నర కూడా రాదు. అంటే దాటడానికి 50 సెకన్లు. ఆ 50 సెకన్లలో దాటే బండి దాదాపు కిలోమీటరు దూరం పోయి ఉంటుంది. తేడా 2 కిలోమీటర్లే అయితే రెండు కిలోమీటర్ల పైనే రెండూ పక్కపక్కన పోతాయి. మధ్యలో కొంచెం ఎత్తు వచ్చిందంటే దాటే బండికి పికప్ పడిపోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. వెనక ఎంత మంది హారన్ కొట్టినా ఆ డ్రైవరు అప్పటికి ఏమీ చేయలేడు. ముందుకు పోలేడు, వెనక్కి తగ్గి ఎడమకు వద్దామంటే ఆ సందులోకి అప్పటికే రెండు కార్లు దూరి ఉంటాయి.

దీనికి మందు ఎడమ పక్క లారీ చేతిలో ఉంది. పది సెకన్లు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, పక్క బండి దాటిపోతుంది. సింగిల్ రోడ్డు రోజుల్లో అందరం చేసిందే అది. వెనక బండి డిప్పర్ కొడితే, అంటే హెడ్‌లైటు వెలిగించి ఆర్పితే, మన క్లీనర్ చెయ్యి ఊపేవాడు, మనం వేగం తగ్గించేవాళ్లం. ఎదురుగా బస్సు వస్తే చచ్చేది ఇద్దరమూ అని తెలుసు కాబట్టి. చట్టంలోనూ ఉంది. 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల ప్రకారం మనల్ని ఒక బండి దాటుతున్నప్పుడు మనం వేగం పెంచకూడదు. డివైడర్ వచ్చాక ఎదురు బండి భయం పోయింది, దాంతోపాటు సైడ్ ఇచ్చే అలవాటూ పోయింది. ఇప్పుడు చాలా లారీల్లో క్లీనరే లేడు. ఎడమ పక్క ఏముందో అద్దంలో కనిపించినంతే.

అసలు ప్రమాదం ఇక్కడే. కుడి లైను, మధ్య లైను రెండూ మూసుకుపోయేసరికి కార్ల వాళ్లకు ఓపిక పోతుంది. ఎడమ లైనులోంచి కొట్టుకొని పోతారు. నా కారులో వెనక సీట్లో డయాలసిస్‌కు పోయే పెద్దాయన ఉంటాడు, పక్కన ఆయన కొడుకు "అన్నా, ఎడమ పక్క ఖాళీగానే ఉంది కదా, పోనీ" అంటాడు. నేను పోను. క్లీనర్ లేని పదహారు చక్రాల బండి ఎడమ పక్కన కారు పెడితే, దాని డ్రైవరుకు నేను ఉన్నట్టే తెలియదు. అది ఏ క్షణంలోనైనా ఎడమకు రావచ్చు, రావడం తప్పు కూడా కాదు. కానీ ఆలస్యమైతే మాట పడేది నేనే. ఆ టెన్షన్ ఈ రూటులో బండి తిప్పే ప్రతి డ్రైవరుకూ తెలుసు.

మరి లారీలు ఎడమకు ఎందుకు పోవు? ఈ మాట నేను పాకాల దగ్గర టీ అంగట్లో ఒక సేలం డ్రైవర్ను అడిగాను. బెంగళూరు వైపు లోడ్‌తో పోతున్నాడు. అతను వేళ్లు మడిచి చెప్పుకొచ్చాడు. "ఎడమ లైనులో పోతే ఎదురుగా మోటారు సైకిలు వస్తుందన్నా, రాంగ్ సైడులో. దాన్ని తప్పిస్తే హోటలు ముందర లైటు లేకుండా బండి నిలబెట్టి ఉంటుంది. దాన్ని తప్పిస్తే ట్రాక్టరు. మాటిమాటికీ కుడికి రావాలి, ఎడమకు పోవాలి. లోడ్ బండిని అట్ల తిప్పితే ఏమవుతుందో నీకు తెలుసు కదా." తెలుసు. లోడ్ బండికి బ్రేక్ కొట్టి మళ్లీ స్పీడు ఎక్కించాలంటే డీజిలు, గేర్లు, టైరు అన్నీ ఖర్చే. అందుకని డ్రైవరు ఒకసారి కుడికి ఎక్కితే తిరుపతి బైపాస్ దాకా దిగడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. మామిడి సీజన్లో వచ్చి చూడండి. మే నుంచి జులై దాకా తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోడ్డు మీదికే వరస కడతాయి. దామలచెరువు మండీ వైపు, బంగారుపాళెం వైపు ఇదే పరిస్థితి. రైతును నేను అనను, పాపం, కాయ తీసుకొని రోజంతా ఎండలో నిలబడేది అతనే. లోపల నిలుపుకొనే జాగా ఇవ్వకుండా హైవేని యార్డు చేసినవాళ్లది తప్పు. తమిళుల పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకొని గోవింద నామాలతో కొండకు నడిచొచ్చే భక్తులు రాత్రిపూట కూడా ఈ ఎడమ అంచునే నడుస్తారు. వాళ్లకు వేరే దారి ఏదీ? యూటర్న్ దూరంగా ఉందని ఊళ్లవాళ్లు రాంగ్ రూటులో బైకు వేసుకొస్తారు. అర కిలోమీటరు ఎదురు వస్తే పని అయిపోతుంది, అడిగేవాళ్లు లేరు. ఇన్నిటిని ఎడమ లైనులో వదిలేసి లారీని మాత్రం ఎడమకు పో అంటే ఎలా పోతుంది?

బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాట్ సంగతి వేరు. అక్కడ లారీ లారీని దాటడమే ఆపాలి. ఎక్కేటప్పుడు లోడ్ బండ్లు 20, 25లో పాకుతుంటాయి. వాటిలో ఒకటి కుడికి వచ్చిందంటే వెనక ఘాట్ మొత్తం ఆగుతుంది. దిగేటప్పుడు ఇంకా భయం. న్యూట్రల్లో దించే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు, బ్రేకు వేడెక్కితే ఆ బండి ఎవరి మాటా వినదు. 2024 సెప్టెంబరులో అదే ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని మన పల్లెల వాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఘాట్ మొదలు నుంచి చివరిదాకా సరుకు బండ్లు ఎడమ లైను దాటకూడదని గీత గీసి, బోర్డు పెట్టి, మనిషిని నిలబెట్టాలి. బోర్డు తెలుగు, ఇంగ్లీషులో పెడితే సరిపోదు. ఈ దారిలో తమిళ, కన్నడ బండ్లు ఎన్నో, ఉత్తరాది కంటైనర్లు ఎన్నో చూస్తున్నాం. తమిళం, కన్నడం, హిందీలో కూడా ఉండాలి. అక్షరాలు రానివాళ్లకు బొమ్మ ఉండాలి.

కేసులు రాసే పద్ధతి మీద కూడా ఒక మాట. టోల్‌గేటు దాటాక లారీని ఆపి లైను తప్పావని ఫైన్ వేస్తారు. 2019 సవరణ తర్వాత డ్రైవింగ్ నిబంధనలు తప్పితే 500 నుంచి 1000 రూపాయలు. డ్రైవరు కట్టేసి మళ్లీ అదే లైను ఎక్కుతాడు, ఎందుకంటే ఎడమ లైనులో ఇబ్బంది అలాగే ఉంది. జాతీయ రహదారుల మీద కెమెరాలతో కేసులు రాయడానికి 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. రాంగ్ రూటు, ఎక్కడపడితే అక్కడ పార్కింగు, నిబంధనకు విరుద్ధంగా ఓవర్‌టేక్, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ కెమెరాలను ముందు ఎడమ అంచు వైపు తిప్పమని అడుగుతున్నాను. హోటళ్ల ముందు నిలబెట్టిన బండ్లకు, రాంగ్ రూటు బైకులకు నెల రోజులు వరసగా చలానాలు పోనివ్వండి. లారీలు ఆపుకొని పడుకోవడానికి రోడ్డు పక్కన లే బైలు, అంటే బండ్లు నిలుపుకొనే జాగాలు, కట్టండి. రాత్రంతా బండి తోలిన డ్రైవరు నిద్ర ఆపుకోలేక రోడ్డు పక్కన ఆపితే అది నేరమని రాస్తున్నాం గానీ, ఆపుకోవడానికి చోటు ఎక్కడ ఉందో చూపించడం లేదు. అవన్నీ అయ్యాక కుడి లైనులో పోయే లారీకి ఎంత ఫైన్ వేసినా నేను అడ్డం రాను. నా పాత స్నేహితులు కూడా రారు.

కార్ల వాళ్లకూ చెప్పాలి. 60లో పోతూ, ఫోన్ మాట్లాడుకుంటూ డివైడర్ పక్కన పోయే కార్లు తక్కువేమీ లేవు. కుడి లైను ఉన్నది ముందు బండిని దాటడానికి, దాటాక వదిలేయడానికి. దాటే లారీని చూసి డిప్పర్ కొట్టి దాని తోక మీదికి పోతే అది తొందరపడదు, డ్రైవరు మాత్రం కంగారు పడతాడు. నాలుగు బండ్ల దూరం వదిలి పోతే అతనికి మీరు అద్దంలో కనిపిస్తారు, ఎడమకు రావడానికి ధైర్యం వస్తుంది.

జిల్లా రోడ్డు భద్రత సమావేశాల్లో ఎప్పుడూ బ్లాక్ స్పాట్లు (ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోట్లు), హెల్మెట్ల మాటే వింటున్నాం. వచ్చే సమావేశానికి లారీ ఓనర్ల సంఘం వాళ్లను, టాక్సీ వాళ్లను, గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లను కూడా పిలవండి. పూతలపట్టు నుంచి చంద్రగిరి దాకా ఎడమ లైనులో ఒక లోడ్ లారీ ఎక్కి కూర్చొని రమ్మని కలెక్టర్ గారిని, ఎస్పీ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఎన్నిసార్లు కుడికి తప్పుకోవాల్సి వచ్చిందో, ఎక్కడెక్కడ ఎందుకు తప్పుకోవాల్సి వచ్చిందో రాసుకుంటే చాలు, చేయాల్సిన పనుల జాబితా అదే వస్తుంది. మామిడి కాయ కోతకు రాకముందే ఇది జరగాలి.

ఇట్లు,
ఒక టాక్సీ డ్రైవరు,
పూతలపట్టు, చిత్తూరు జిల్లా