వంశవృక్షంలో పక్కకొమ్మలు వదిలేయొద్దు

సంపాదకులకు,

వంశవృక్షం గీసుకోవాలన్న ఆసక్తి ఈమధ్య బాగా పెరిగింది. మంచిదే. కానీ చాలామంది తాత, ముత్తాత, తాతకు తాత అంటూ నిటారుగా పైకే పోతున్నారు. అలా ఎన్ని తరాలు ఎక్కినా బతికున్న దూరపు చుట్టం ఒక్కరూ తగలరు. ముత్తాత దగ్గర ఆగి, ఆయన తోబుట్టువులెవరు, వాళ్ల పిల్లలెవరు అని అక్కణ్నుంచి కిందికి దిగాలి. ముఖ్యంగా అక్కచెల్లెళ్ల శాఖలు తెగిపోతుంటాయి. పెళ్లితో ఇంటిపేరు మారితే వెతికేవాళ్లకు ఆ మనిషి మాయమైనట్టే. అప్పుడు అన్నదమ్ముల వీలునామాలు, ఆస్తి పంపకాల కాగితాలు తిరగేయాలి. సాక్షి సంతకాల్లో ఆ ఇంటి అల్లుడి పేరు పట్టుకున్న సందర్భాలు కొల్లలు.

పేర్లు కలగాపులగం కాకుండా ఒక పాత లెక్క ఉంది. మీరు 1, నాన్న 2, అమ్మ 3. ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ల తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. నాయనమ్మ 5, ఆమె తల్లి 11. తాతా మనవళ్లకు ఒకే పేరున్న ఇళ్లలో ఈ నంబరు లేకపోతే ఒకరి పెళ్లి ఇంకొకరికి అంటగట్టేస్తాం.

ఏ కాగితాన్నీ మొత్తంగా నమ్మకూడదు. మరణ ధ్రువపత్రంలో చనిపోయిన తేదీ చాలావరకు సరైనదే. అందులోనే ఉన్న పుట్టిన తేదీ మాత్రం రాయించినవాళ్లకు తెలిసినంతే. పాత జాబితాల్లో వయసులు 30, 35, 40 అని సుమారుగా వేసినవే ఎక్కువ. కాబట్టి పుట్టిన సంవత్సరాన్ని అటు అయిదేళ్లు, ఇటు అయిదేళ్లు కలుపుకొని వెతకాలి. ఇక ఆన్‌లైన్‌లో ఒకే వివరం ఇరవై వంశవృక్షాల్లో కనిపించినంత మాత్రాన ఇరవై సాక్ష్యాలు దొరికాయని మురిసిపోవద్దు. ఒకరు రాసింది మిగతావాళ్లు ఎత్తి రాసుకొని ఉంటారు. తల్లి పోయిన ఏడాది తర్వాత పుట్టిన పిల్లలు కూడా అలాంటి చోట్ల దర్జాగా కనిపిస్తారు!

డీఎన్‌ఏ పరీక్ష ఆధారాల్లో ఒకటి, అంతే. సొంత అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున 12.5 శాతం డీఎన్‌ఏ కలుస్తుంది. ముత్తాత తరంలో కలిసేవాళ్లకు అది సుమారు 3 శాతం, తాతకు తాత తరంలో కలిసేవాళ్లకు ఒక శాతం లోపే. ఈ చివరి వరసవాళ్లలో దాదాపు పదింట ఒకరికి పరీక్షలో ఏమీ కలవదు. అంతమాత్రాన చుట్టరికం లేదని కాదు. దగ్గరి సంబంధాలు తరతరాలుగా చేసుకున్న కుటుంబాల్లో దీనికి తలకిందులు. దూరపువాళ్లు కూడా లెక్కలో దగ్గరివాళ్లలా కనిపిస్తారు.

బంధువులను వెతికిపెట్టే సౌకర్యంతోనే ప్రమాదమూ ఉంది. 2023లో డీఎన్‌ఏ పరీక్షలు చేసి బంధువులను చూపించే 23అండ్‌మీ సంస్థలో దుండగులు సుమారు 14 వేల ఖాతాల్లోకి, వేరేచోట్ల వాడిన పాస్‌వర్డ్‌లతోనే దూరారు. ఆ ఖాతాలకు బంధుత్వంతో ముడిపడిన సుమారు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. పాస్‌వర్డ్ ప్రత్యేకంగా ఉండాలి, బతికున్నవాళ్ల పేర్లు దాచిపెట్టాలి.

దూరపు చుట్టానికి రాసే మొదటి ఉత్తరం అయిదారు వాక్యాలు దాటకూడదు. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడెవరో, మీరెవరి శాఖో చెప్పి, ఒకే ఒక్క ప్రశ్న అడగండి. మీ దగ్గరున్న పాత ఫొటో ఒకటి జతచేయండి. 600 డీపీఐ (స్కాన్ స్పష్టత కొలత)లో, వెనకవైపు రాత కూడా స్కాన్ చేసి పంపితే అవతలివాళ్లు గుర్తుపట్టి మాట కలుపుతారు. పుట్టినతేదీలు, తల్లి పుట్టింటి ఇంటిపేరు మాత్రం అప్పుడే అడగొద్దు. బ్యాంకు భద్రతా ప్రశ్నలవే కాబట్టి, మోసగాళ్లనుకొని జవాబివ్వరు.

— ఒక పాఠకుడు