బరువు బ్యారెల్ అందరికీ పనికిరాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మన వైజాగ్ పిల్లలు రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నారని ఫొటోలతో వేశారు, చూసి చాలా సంతోషమేసింది, కానీ అందులో ఒక్క లైను దగ్గర ఆగిపోయాను. బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, ఎంత బరువుంటే గురి అంత బాగా కుదురుతుందని రాశారు. సరిగ్గా ఈ మాటే నమ్మి మా గాజువాకలో ఒకాయన అప్పు చేసి మరీ 13 ఏళ్ళ కూతురికి పోటీల్లో వాడే బరువైన మ్యాచ్ ఎయిర్ రైఫిల్ కొన్నాడండి, అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

నేను ఆర్మీలో 22 ఏళ్ళు చేసొచ్చాను, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి నిలబడే పద్ధతి, ఊపిరి ఆపే పద్ధతి చెప్తుంటాను. బరువు బ్యారెల్ గొప్పతనం అబద్ధమని నేననట్లేదు, అది ఎక్కడ పుట్టిందో చూడాలంటున్నా. మందు దట్టించిన పెద్ద తూటా పేల్చినప్పుడు గొట్టం వేడెక్కుతుంది, లోపల ఒత్తిడికి వణుకుతుంది కూడా. సన్నటి గొట్టమైతే త్వరగా వేడెక్కిపోతుంది, వేడెక్కే కొద్దీ గుండు తగిలే చోటు కాస్త కాస్త జరుగుతూ పోతుంది, పైనుంచి లేచే వేడిగాలికి సైట్‌లోంచి చూస్తే టార్గెట్ అలల్లాగా ఆడుతుంది. మందంగా ఉంటే ఆ వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది, అయితే ఒకసారి కాలాక చల్లారడానికీ ఎక్కువ టైమే పడుతుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. మన ఆర్మీ ఇన్సాస్ రైఫిల్, అదే రకం లైట్ మెషిన్ గన్ ఇన్సాస్ ఎల్‌ఎంజి పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోద్ది, ఎల్‌ఎంజి బ్యారెల్ పొడుగూ ఎక్కువే మందమూ ఎక్కువే, ఎందుకంటే అది వరసగా కాల్చాలి. రైఫిల్ వాడికి అదే బ్యారెల్ ఇస్తే రాత్రంతా కొండెక్కి తెల్లారేసరికి చేతులు పనిచెయ్యవు. నేను మోసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

వణుకు తగ్గాలంటే గొట్టం గట్టిగా ఉండాలి, ఆ గట్టిదనం లెక్క కూడా చెప్తాను, పిల్లల తండ్రులకి ఇది తెలియాలి. గొట్టం మొత్తం మందం, అంటే అడ్డం కొలత, నాలుగోవంతు పెంచితే బరువు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, కానీ వంగకుండా ఉండే గట్టిదనం రెండున్నర రెట్ల దాకా పెరుగుతుంది. అలాగే పొడుగు తగ్గించినా గట్టిపడుతుంది, 26 అంగుళాల గొట్టాన్ని 22కి కోస్తే ఒకటిన్నర రెట్ల పైనే. పాయింట్ టూ టూ అనే చిన్న తూటాలో మందు కొంచెమే కాబట్టి అది 16, 18 అంగుళాలకే చాలావరకు కాలిపోతుంది, ఆపైన పొడుగు స్పీడ్‌కి పెద్దగా పనికిరాదు. కాబట్టి బరువు పెంచకుండానే గట్టి గొట్టం కావాలంటే పొట్టిది తీసుకోవచ్చు. పైన పొడుగునా గాడులు తీసిన బ్యారెల్స్ కూడా అమ్ముతారు, అదే మందం ఉన్న మామూలు దానికంటే తేలిక, కానీ దానికంటే గట్టివి మాత్రం కావు, షాపువాళ్ళు ఏం చెప్పినా సరే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మన దగ్గర పిల్లలు మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. అందులో మందు లేదు, వేడి లేదు, 4.5 ఎంఎం పెల్లెట్, అంటే చిన్న గుండు, గాలి ఒత్తిడికి బయటకొస్తుంది. మరి వేడి కోసం, వణుకు కోసం పుట్టిన మందం ఇక్కడెందుకండి? ఇక్కడ బరువుకున్న పని ఒక్కటే, రైఫిల్ ముందువైపు కాస్త నిదానంగా కదిలేలా చెయ్యడం. పెల్లెట్ నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి ట్రిగ్గర్ నొక్కాక కూడా గొట్టం కదలకూడదు, పైగా పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, అందుకని ముందు కొంచెం బరువుంటే మంచిదే. కానీ ఆ బరువు మొయ్యాల్సింది పిల్ల ఎడమచెయ్యీ నడుమూ.

మొత్తం రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదని రూల్, అంటే అది పై హద్దు, అంత బరువు ఉండి తీరాలని కాదు. మ్యాచ్‌లో 60 షాట్లు, గంటంపావు టైము, ఇదివరకు ఆడపిల్లలకి 40 ఉండేవి, 2018 నుంచి వాళ్ళకీ 60 అయ్యాయి. నేను చెప్పిన ఆ పాపకి మొదటి 20 షాట్లు బాగానే పడేవి, 25 దాటగానే గొట్టం కిందకి దిగిపోయేది, నడుం వెనక్కి వంచేసి మోసేది. వాళ్ళ నాన్నేమో "ఏటి బాబాయ్, దీనికి మనసు నిలకడ లేదు" అని ఇంటికెళ్ళి కోప్పడేవాడు. నిలకడ కాదు బాబూ బరువు అని బ్యారెల్ మీదున్న వెయిట్లు తీసేయించి, తెలిసినవాళ్ళ జూనియర్ రైఫిల్ అడిగి తెచ్చి పట్టిస్తే ఆరోజు 40 దాటినా భుజం దిగలేదు. ఆ పిల్ల మొహం చూడాల్సింది సార్.

తేలికది కొంటే తర్వాత వెయిట్లు తగిలించుకోవచ్చు, ఏడాదికి కాస్త కాస్త పెంచుకోవచ్చు. బరువుది కొన్నాక గొట్టం చెక్కలేం కదా.

పెద్దవాళ్ళయి 50 మీటర్లకి, పెద్ద తూటాలు కాల్చే బిగ్ బోర్‌కి వెళ్తే అప్పుడు మందమైన బ్యారెల్ సంగతి చూసుకోవచ్చు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో మగవాళ్ళ రైఫిల్ 8 కిలోల దాకా ఉండొచ్చు, అందులో పడుకుని, మోకాలి మీద, నిలబడి మూడు రకాలుగా కాల్చాలి, పడుకున్నప్పుడు హాయిగా అనిపించే బరువే నిలబడ్డప్పుడు చంపేస్తుంది. మంచు మీద జారుతూ వెళ్ళి కాల్చే బయాథ్లాన్ వాళ్ళు రైఫిల్ వీపున మొయ్యాలి కాబట్టి వాళ్ళకి తేలికే కావాలి, అక్కడ 3.5 కిలోలకి తగ్గకూడదని రూల్.

ఇంకోటి, మన సముద్రపు గాలికి బరువు బ్యారెల్ అయినా తేలికదైనా తుప్పు ఒకేలా పడుతుంది. స్పాంజి కవర్లో చుట్టి మంచం కింద పెట్టకండి, ఉక్కపోతకి ఆ స్పాంజే తేమ పీల్చుకుంటుంది, నూనె గుడ్డతో తుడిచి పెట్టండి.

దయచేసి ఈ సంగతి మీ స్పోర్ట్స్ పేజీలో వెయ్యండి. కొనేముందు పిల్లని తీసుకెళ్ళి రెండు మూడు రకాలు పట్టించి, ఒక్కోటి పది నిమిషాలు ఎత్తి దించమనండి, నడుం నొప్పి ఎప్పుడు మొదలైందో ఆ పిల్లనే అడగమనండి.

ఇట్లు
ఒక మాజీ సైనికుడు
గాజువాక, విశాఖపట్నం