బెల్టును కాదు, రింగులో పనిని చూసి ర్యాంకు ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏడాది ప్రదర్శన ఆధారంగా మహిళా ప్రొఫెషనల్ రెజ్లర్లకు మీ క్రీడా పేజీలో ర్యాంకులు ఇవ్వడం చూసి సంతోషించాను. ఆడవాళ్ల ఆటలకు ఆ పేజీలో అంత చోటు దొరకడం అరుదు. కానీ ఆ వరుసను ఏ ప్రాతిపదికన నిర్ణయించారో ఒక్క వాక్యమైనా రాయలేదు. ఛాంపియన్ బెల్టు ఉన్నవాళ్లు పైన, లేనివాళ్లు కింద ఉన్నారు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని, బాలికలకు జూడో నేర్పుతాను. మా పిల్లలు కబడ్డీ ఎంత ఇష్టంగా ఆడతారో అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ పోటీలను అంత ఇష్టంగా చూస్తారు. మీ జాబితాను కత్తిరించి ఆటసామాను గది తలుపుకు అంటించుకున్నారు కూడా. వాళ్లు దాన్ని నమ్ముతున్నారు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2016 రియో ఒలింపిక్స్‌లో సాక్షి మాలిక్ కాంస్యం గెలిచిందంటే అందులో ప్రతి పాయింటూ ఎదుటి మనిషి దగ్గర లాక్కున్నదే. అక్కడ గెలుపులు కూడితే ర్యాంకు వస్తుంది. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో సంస్థ ముందే నిర్ణయిస్తుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మన పద్యనాటకంలో దుర్యోధనుడు ఓడిపోతాడని తెలిసే జనం తెల్లవార్లూ కూర్చునేవారు. మర్నాడు రచ్చబండ దగ్గర పద్యం ఎవరు బాగా చదివారని మాట్లాడుకునేవారు గానీ యుద్ధం ఎవరు గెలిచారని కాదు. గెలుపులను మాత్రమే లెక్కపెడితే మనం ర్యాంకు ఇస్తున్నది సంస్థ నిర్ణయానికే తప్ప ఆ అమ్మాయి పనికి కాదు.

అమెరికా పత్రిక ‘ప్రో రెజ్లింగ్ ఇలస్ట్రేటెడ్’ 2008 నుంచి ఏటా మహిళల జాబితా వేస్తోంది. మొదట్లో 50 పేర్లు ఉండేవి. 2018లో 100 అయ్యాయి, 2023 నాటికి 250కి చేరాయి. తొలి ఏడాది మొదటి స్థానం ఆసమ్ కాంగ్‌ది. ఆ పత్రిక గెలుపోటములు, టైటిళ్లతో పాటు ప్రత్యర్థుల స్థాయిని, రింగులో నైపుణ్యాన్ని కూడా పరిగణిస్తామని చెబుతుంది. కొలమానం చెప్పారు కాబట్టి మనం వాదించవచ్చు. 2018 విషయంలో నాకు పెద్ద వాదనే ఉంది.

ఆ ఏడాది మొదటి స్థానం రోండా రౌజీకి ఇచ్చారు. ఆమె 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జూడో కాంస్యం గెలిచింది. జూడోలో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి అమెరికా మహిళ ఆమే. జూడో నేర్పేదాన్నిగా నాకు ఆమె అంటే ఎంత గౌరవమో మా పిల్లలకు తెలుసు. అయినా అది ఏడాది ప్రదర్శన ఎలా అవుతుంది? ఆమె తొలి రెజ్లింగ్ మ్యాచ్ ఆడింది 2018 ఏప్రిల్ 8న, డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద కార్యక్రమం రెజిల్‌మేనియాలో. జనవరి నుంచి మార్చి దాకా ఒక్క మ్యాచ్ కూడా లేదు. జూన్‌లో నయా జాక్స్‌తో తలపడ్డప్పుడు అది ఆమెకు తొలి సింగిల్స్ పోటీ. ఆగస్టుకల్లా ఛాంపియన్ అయింది. కొత్తగా వచ్చిన మనిషి చేతిలో ఎత్తించుకుని, విసిరించుకుని, ఆ పోటీని అంత చక్కగా నడిపించిన జాక్స్‌కు దక్కాల్సిన వాటా సంగతి ఎవరూ ఎత్తలేదు. అదే ఏడాది రెజిల్‌మేనియాలో అసుకా, షార్లెట్ ఫ్లెయిర్ ఆడిన మ్యాచ్ చూడండి. అసుకా అప్పటిదాకా డబ్ల్యూడబ్ల్యూఈలో ఓటమి ఎరుగదు, జనవరిలో మహిళల తొలి రాయల్ రంబుల్‌ను (ఒక్కొక్కరుగా రింగులోకి వచ్చి, చివరిదాకా మిగిలినవారు గెలిచే పోటీ) గెలిచి వచ్చింది. షార్లెట్ నవంబర్ నుంచి టైటిల్ నిలుపుకుంటూ వచ్చి అసుకాను ఓడించింది. నా లెక్కలో 2018లో మొదటి పేరు షార్లెట్‌ది, రెండోది అసుకాది. రౌజీని మొదటి పదిలో ఉంచుతాను, అంతకు మించి ఇవ్వలేను.

2023లో ఆ పత్రికవాళ్లు రియా రిప్లీని మొదట నిలిపారు. అందులో నాకు అభ్యంతరం లేదు. జనవరి 28న రాయల్ రంబుల్‌లో అందరికన్నా ముందు అడుగుపెట్టి, గంటకు పైగా నిలిచి గెలిచింది. ఏప్రిల్ 1న షార్లెట్‌తో ఆమె ఆడిన మ్యాచ్ ఆ ఏడాది నేను చూసినవాటిలో అన్నిటికన్నా గట్టిది. నా బాధ ఆమె ప్రత్యర్థి నటాల్యా గురించి. మే 27న జెడ్డాలో వీరిద్దరి మ్యాచ్ నిమిషం దాటిన కొద్ది సెకన్లకే ముగిసింది. నటాల్యా ఓడిపోయింది. సెప్టెంబర్ 8న మన హైదరాబాద్‌లో, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో, అదే టైటిల్ కోసం వాళ్లిద్దరే మళ్లీ తలపడ్డారు. మళ్లీ నటాల్యానే ఓడింది. లెక్కల పుస్తకంలో రెండూ ఒకే రకం ఓటములు.

గచ్చిబౌలిలో నేను ఉన్నాను. ఆ రోజు జనంలో ఎక్కువమంది జాన్ సీనా కోసం వచ్చినవాళ్లే, ఆడవాళ్ల మ్యాచ్ వస్తే లేచి తినుబండారాలకు వెళ్దామనుకున్నవాళ్లు నా వరుసలోనే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టింది నటాల్యా. ఆమె కెనడాలో రెజ్లర్ల ఇల్లుగా పేరున్న హార్ట్ కుటుంబం మనిషి, పట్లు ఆ ఇంటి విద్య. దెబ్బ తిన్నాక వెంటనే లేవదు. ఒక మోకాలు, తర్వాత తాడు, తర్వాత రెండో మోకాలు. ఆమె అంత నెమ్మదిగా లేస్తేనే రిప్లీ దెబ్బ ఎంత బలమైనదో వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. వేగం ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు ఆపి జనాన్ని అరవనివ్వాలో ఆమెకు తెలుసు. బెల్టు రిప్లీ భుజం మీదే ఇంటికి వెళ్లింది, నిజమే. ఆ మ్యాచ్‌కు నిలువెత్తు ఆకారం ఇచ్చింది మాత్రం ఓడిన మనిషి.

పడటం గురించి కొంచెం చెప్పనివ్వండి, ఇది నా వృత్తికి సంబంధించిన మాట. మా పిల్లలకు మొదట నేను పట్టు నేర్పను, పడటం నేర్పుతాను. గడ్డం ఛాతీకి ఆనాలి, తల వెనక్కి వాలకూడదు, వీపు తగిలే క్షణంలో అరచేయి, ముంజేయి కలిపి చాపను కొట్టాలి, ఊపిరి బయటికి వదలాలి. రెజ్లింగ్ రింగులో మాకున్నంత మెత్తని చాప కూడా ఉండదు. ఉక్కు దూలాల మీద చెక్కపలకలు, వాటిపై పలచని ఫోమ్, ఆపైన గుడ్డ, అంతే. రిప్లీ తన రిప్‌టైడ్ పట్టులో మనిషిని భుజం ఎత్తుకు లేపి వీపు మీద పడేస్తుంది. ఎత్తిన మనిషి చేయి కొద్దిగా జారినా, పడే మనిషి గడ్డం లోపలికి తీసుకోవడం కాస్త ఆలస్యమైనా మెడకే ప్రమాదం. 2014లో ఆ అమెరికా పత్రిక జాబితాలో మొదటి స్థానం పొందిన పేజ్, మెడ గాయం వల్ల 2018 ఏప్రిల్‌లో రింగు వదలాల్సి వచ్చింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. మళ్లీ పోటీల్లోకి రావడానికి 2022 దాకా పట్టింది. ప్రత్యర్థిని ఏడాది పొడవునా క్షేమంగా దించిన చేతులకు మార్కులు వేయని జాబితా నాకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది.

జపాన్ పేరే మీ జాబితాలో లేకపోవడం ఇంకో లోటు. 2022లో ఆ అమెరికా పత్రికే జపాన్ మహిళా రెజ్లింగ్ సంస్థ స్టార్‌డమ్ ఛాంపియన్ ష్యూరీకి మొదటి స్థానం ఇచ్చింది. ఆమె కిక్‌బాక్సింగ్‌లోనూ, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ సంస్థ యూఎఫ్‌సీలోనూ పోరాడిన మనిషి. 2021 జూన్‌లో ఉతామి హయాషిషితాతో ఆడిన మ్యాచ్ ముప్పై నిమిషాల గడువు దాటినా తేలలేదు. పొడిగించాక ఇద్దరూ లేవలేని స్థితిలో ముగిసింది, విజేత లేదు. గెలుపులు లెక్కపెట్టేవారికి ఆ రాత్రి సున్నా. ష్యూరీ సత్తాకు నా దృష్టిలో అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. డిసెంబర్ 29న ఉతామి నుంచే బెల్టు గెలిచి, సరిగ్గా ఏడాది పాటు నిలుపుకుంది.

నటాల్యాలాగే హరియాణాకు చెందిన కవితా దేవి కూడా 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ మహిళల టోర్నమెంట్ మే యంగ్ క్లాసిక్ తొలి రౌండులోనే డకోటా కై చేతిలో ఓడింది. సల్వార్ కమీజ్‌లో రింగులోకి దిగి, ప్రత్యర్థిని రెండు చేతులతో తల పైకి ఎత్తింది. ఏడాది ముందు దక్షిణాసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ స్వర్ణం గెలిచిన చేతులవి. ఏ జాబితాలోనైనా అది ఒక ఓటమిగానే నమోదవుతుంది. మా బడిలో బాలికలు ఫోనుల్లో మళ్లీ మళ్లీ పెట్టుకుని చూసే మ్యాచ్ అదే.

ఇంకో విషయం, సమయం. 2015 ఫిబ్రవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ కార్యక్రమంలో నలుగురు ఆడవాళ్ల మ్యాచ్ అర నిమిషంలో ముగిస్తే అభిమానులు అవకాశం ఇవ్వండని పెద్దఎత్తున అడగాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో బేలీ, సాషా బ్యాంక్స్‌కు ముప్పై నిమిషాల ప్రధాన పోటీ దక్కింది. ఎవరికి ఎన్ని నిమిషాలు ఇచ్చారో చూడకుండా ఎవరు ఏం చేశారో తూచడం అన్యాయం.

కాబట్టి వచ్చే జాబితాలో నాలుగు వివరాలు చేర్చమని కోరుతున్నాను. మీరు లెక్కించిన కాలం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాయండి. ప్రతి పేరు పక్కన ఆ ఏడాది ఆమె ఆడిన ఉత్తమ మ్యాచ్ ఏదో, ఎవరితోనో రాయండి, ఓడిన మ్యాచ్ అయినా సరే. జపాన్, మెక్సికో పోటీలు చూసినవారి అభిప్రాయం తీసుకోండి. బెల్టు పట్టుకున్న ఫొటోలకు బదులు రింగులో పట్టు వేస్తున్న ఫొటోలు వేయండి, మా పిల్లలు వాటిని చూసి కాళ్లు ఎక్కడ ఆనించారో, నడుము ఎలా వంచారో గమనిస్తారు.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
నల్గొండ