బిడ్డా, ఫోను ఎత్తకపోతే ఉత్తరమన్న చదువు

నల్లగొండ, రామగిరి
గురువారం రాత్రి

బిడ్డా శైలూ,

ఇక్కడ అందరం మంచిగున్నం. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది, పొద్దుగాల గుడి దాకా నడిచి వస్తున్నది. మిరుగు పోయింది. ఆ రోజు నవీను పానగల్లు చెరువు కాడికి పోయి రెండు కిలోల బొచ్చె చేప తెచ్చిండు. నువ్వు వస్తవేమోనని తలకాయ పక్కకు తీసి పెట్టిన. రాత్రి ఎనిమిదింటి దాకా చూసి అమ్మమ్మకు వేసిన.

మామిడికాయ తొక్కు పెట్టిన. ఈసారి కాయ బాగ పులుపున్నది, అందుకని ఎల్లిపాయ జర ఎక్కువేసిన. నవీనుకు శనివారం హైదరాబాదుల పరీక్ష ఉన్నది, ఈ ఉత్తరం, తొక్కు డబ్బా, నువ్వుల పొడి వానితోని పంపుతున్న. డబ్బాల తడి చెంచా పెట్టకు. పోయినసారి బూజు పట్టిందని నువ్వు చెప్పలే గాని ఖాళీ డబ్బా కడిగిన తీరు చూస్తెనే నాకు తెలిసింది.

నువ్వు ఫోన్ల మాట్లాడి ఇయ్యాలటికి 22 రోజులు. పాల లెక్క రాసే క్యాలెండరు మీదనే నీ ఫోను వచ్చిన రోజు గూడ గీత పెడత గదా, అందుకని కనపడుతది. 'పనిలో ఉన్న, మళ్ల చేస్త' అని నవీనుకు రెండుసార్లు మెసేజి పెట్టినవట. నాకు పెట్టలే. పని ఉంటదిలే, ఉండాలె గూడ.

మొన్న మంగళవారం సరిత చిన్నమ్మ మిర్యాలగూడ నుంచి పెండ్లి పత్రిక ఇయ్యడానికి వచ్చింది. వాళ్ల చిన్నోనిది. చాయ్ తాగుకుంట, "అక్కా, మీ శైలజ కోర్టుల సాక్ష్యం చెప్పి ఖూనీ చేసినోణ్ని పిచ్చోడని ఇడిపిచ్చిందటగదా, జైలుకు గూడ పోయి వాళ్లతోని కూసుంటదట" అన్నది. ఎవలు చెప్పిండ్రంటే చెప్పలే. నేను చాయ్ గిలాసలు లోపల పెట్టి వచ్చి ఆమెను కూసోబెట్టిన. 26 ఏండ్లు మీ నాయిన కుర్చీల కూసొని కోర్టు కాయిదాలు టైపు కొట్టినదాన్ని, ఆ మాత్రం నేను చెప్పగలుగుత.

సైకాలజిస్టు రిపోర్టు ఇస్తది, తీర్పు ఇయ్యది అని చెప్పిన. తీర్పు జడ్జి గారిదే. నేరాలకు శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీల మతి సరిగ లేనోళ్ల గురించి 84వ సెక్షన్ ఉండె, 2024 జులై 1 నుంచి అదే కొత్త చట్టం బీఎన్ఎస్‌ల 22వ సెక్షన్ అయింది. మనిషికి చేస్తున్న పని ఏందో గాని, అది తప్పని గాని తెలుసుకునే సోయి లేదని రుజువు కావాలె, అది గూడ ఆ పని చేసిన గడియల. ఎప్పుడో దవాఖానకు పోయిన చీటీ చూపెడితే సరిపోదు. రుజువు చేసే భారం ముద్దాయి మీదనే. రుజువైనా ఊరికె ఇంటికి పంపరు, భద్రంగ ఉంచే చోటికి పంపుతరు, లేకుంటె పూచీ తీసుకొని చుట్టాలకు అప్పజెప్తరు. ఇదంత 1843ల ఇంగ్లండుల మెక్‌నాటన్ కేసు కాడ మొదలైందని, వాడు ప్రధానమంత్రి పీల్ అనుకొని ఆయన సెక్రటరీని కాల్చిండని గూడ చెప్పిన. అది నువ్వు చెప్పిందే. బెంగళూరుల చదివేటప్పుడు పరీక్ష ముందు రోజు నాకు ఫోన్ల అప్పజెప్పినవు. నేను ఒక కాయిదం మీద రాసుకున్న, ఇంక ఉన్నది.

ఆమెతోని వచ్చిన చిన్నాయనది ఇంకో అనుమానం, మత్తు సూది ఇచ్చి నిజం చెప్పిస్తరా అని. ముద్దాయి ఒప్పుకోకుంటె అది చెయ్యొద్దని 2010ల సెల్వి కేసుల సుప్రీంకోర్టు చెప్పింది, సత్యశోధన మిషను గూడ అంతే. ఆ తీర్పు నకలు అడిగిన వకీళ్లకు జిరాక్సు తీసి తీసి మా మిషను కాలిపోయింది ఆ నెల. ఇంత చెప్పినంక ఆయన, మీ బిడ్డ మందులు ఏం రాస్తది అని అడిగిండు. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఎంబీబీఎస్ చదివి పైన ఆ చదువు చదివినాయన, మా బిడ్డది మనసును పరీక్ష పెట్టి, మాట్లాడి చూసే పని, దానికి రెండేండ్ల ఎంఫిల్ చేసింది, ఢిల్లీల పునరావాస మండలి దగ్గర పేరు నమోదు ఉన్నది అన్న. ఆ నమోదు ఐదేండ్లకోసారి మళ్ల చేయించాలె అంటివి, చేయించినవా? మరిచిపోతవు నువ్వు, ఇంటరు హాల్ టికెట్ సంగతి నేను మర్వలే.

సరిత మాటకు నాకు రంది లేదు. నువ్వు ఎవరి గురించి ఏం రాసినా కండ్లతోని చూసిందే రాస్తవు. కోర్టుకు పోయేటప్పుడు మాత్రం నా మాట ఇను. నిపుణుల సాక్ష్యం పాత సాక్ష్యాల చట్టంల 45వ సెక్షన్, ఇప్పటి దాంట్ల 39, అంతవరకు నీకు తెలుసు. నీకు తెల్వనిది క్రాసుల, అంటె ఎదుటి పక్క వకీలు ప్రశ్నలేసేటప్పుడు, ఎట్ల అడుగుతడనేది. "అయ్యుండొచ్చు గదా మేడం" అని మెల్లగ అంటడు. నువ్వు మర్యాదకు "అయ్యుండొచ్చు" అన్నవనుకో, నాలాంటిది దాన్ని అట్లనే టైపు కొడతది, రేపు తీర్పుల నీ రిపోర్టు అంత పోయి ఆ ఒక్క మాట మిగులుతది. ప్రశ్న మొత్తం ఇన్నంక జవాబియ్యి. తెల్వకుంటె తెల్వదను. సంతకం పెట్టే ముందు డిపోజిషను, నీ సాక్ష్యం టైపు కొట్టిన కాయిదం, చదువు, టైపు కొట్టేటోళ్లు అలిసిపోయి ఉంటరు, "లేదు" పోయి "ఉంది" పడ్డ రోజులు నేను చూసిన. పొద్దుగాల ఏమన్న తిని పో. నీ కేసును ఎప్పుడు పిలుస్తరో తెల్వదు, సాయంత్రం నాలుగైనా పిలువకపోవచ్చు. సంచిల నీళ్ల సీసా, రెండు అరటిపండ్లు పెట్టుకో.

చూసినవా, ఏం రాద్దామని కూసున్న, ఏం రాస్తున్న.

బెంగళూరు నుంచి మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు తెలివి పరీక్ష పెట్టే భాటియా డబ్బా తెచ్చినవు. యాదికున్నదా? వంటింట్ల బల్ల మీద ఆ రంగుల చెక్క ఘనాలు పోసి, కార్డు మీది బొమ్మ లెక్కనే పేర్చమన్నవు. నవీనుగాడు గబగబ పేర్చిండు. నా వంతు వచ్చెవరకు ఎర్ర మూల ఎటు తిప్పాల్నో తెల్వక చేతులు వణికినయి. నువ్వు వాచీ పట్టుకొని కూసున్నవు. నీ మొహం దిక్కు చూసిన, మంచిగ చేస్తున్ననా లేదా అని. ఏమీ కనపడలే. చిన్నప్పుడు అబద్ధమాడితే ముక్కు ఎర్రగయ్యే పిల్లవు, మొహం మీద ఏమీ లేదు. ఈ పని నీకు వస్తదని అప్పుడే అనుకున్న. కొంచెం భయం గూడ అయింది. పని కాడ మూసిన మొహం ఇంటికొచ్చి తెరుచుకుంటదా అని.

ఒక సంగతి నీకు ఎన్నడు చెప్పలే. నువ్వు ఐదో తరగతి చదివేటప్పటిది. డిపోజిషన్లు కొట్టే అమ్మాయి కాన్పు సెలవుల ఉంటె ఒక నెల నన్ను కోర్టు హాలుల కూసోబెట్టిండ్రు. ఆ నెల ఒక కేసు నడిచింది. ఊరు పేరు వద్దు, ఆమె పేరు వద్దు. పదిహేడు పద్దెనిమిదేండ్ల పిల్ల లెక్కుండె, కాయిదాలల్ల 21 అని ఉన్నది. పురుడయిన పన్నెండు రోజులకు పసిపిల్లనెత్తుకొని బాయిల దునికింది. ఊరోళ్లు ఆమెను బయటికి తీసిండ్రు, బిడ్డ దక్కలే. ఖూనీకి 302, తాను చావబోయినందుకు 309, రెండు సెక్షన్లు పెట్టిండ్రు.

అత్త సాక్ష్యం నేనే కొట్టిన. "మూడు రాత్రులు కన్ను మూయలే. బిడ్డ నాది కాదు, మార్చిండ్రు అన్నది. పాలిస్తనే ఏడ్చేది. గాలి సోకిందని అమాసకు చెరువుగట్టుకు తీస్కపోయి నిద్ర చేపిచ్చినం" అన్నది. ఆ ముసలమ్మ అబద్ధం చెప్పలే, కోడలి మీద కోపంగ గూడ చెప్పలే. "గాలి సోకినది" అని కొట్టిన. ఆ ఫైలంత నా చేతుల మీదనే పోయింది, మహజరు, పోస్టుమార్టం, స్కెచ్చి అన్ని ఉన్నయి. ఆమె మనసు గురించి ఒక్క కాయిదం లేదు. ఏ డాక్టరుకు చూపియ్యలే, చూపియ్యమని ఎవ్వలు అడగలే. ఆమెకు పెట్టిన వకీలు గూడ అడగలే.

చివరికి, సాక్ష్యాల మీద ముద్దాయినే అడిగే 313వ సెక్షన్ రోజు వచ్చింది. ఫలానా సాక్షి ఇట్ల చెప్పిండు, నువ్వేమంటవు అని ఒక్కొక్కటి చదివిండ్రు. అన్నిటికి "ఏమో" అన్నది. కొంగు కింద చేతులు ముడుచుకొని నిలబడ్డది. ఆఖరుకు, ఇంకేమన్న చెప్పుకునేది ఉన్నదా అన్నరు. తలెత్తి, "పాపకు పాల టైమైంది, పోనిస్తరా" అన్నది. బిడ్డ పోయి అప్పటికి ఏడాది దాటింది.

హాలుల చప్పుడు లేదు. తర్వాత ఎవరో, ఏమీ లేదని రాయమ్మా అన్నరు. నేను "ఇంకేమీ చెప్పుకునేది లేదు" అని కొట్టిన. ఈ వేళ్లతోనే.

ఆమెకు శిక్ష పడ్డది. ఆ రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేవరకు నువ్వు లేవు. సరిత పిల్లలతోని పానగల్లు చెరువు కట్ట మీదికి పోయినవని అమ్మమ్మ చెప్పింది. నడిమిట్ల ఎదురొచ్చినవు, గౌను అంచు తడిసి ఉన్నది. బజార్లనే రెండు చెంపలు కొట్టిన. నువ్వు రెండు రోజులు నాతోని మాట్లాడలే. నేను ఎందుకు కొట్టిన్నో చెప్పలే. చెప్పడానికి నాకు మాట రాలే. ఆ తర్వాత గూడ ఆఫీసు సంగతులు ఇంట్ల ఎత్తేదాన్ని కాదు. అన్నం పెట్టుడు, జడలేసుడు, పండుకునుడు. అమ్మ ఎప్పుడు గరంగ ఉంటదని మీరిద్దరు అనుకునేటోళ్లు. గరం కాదు బిడ్డా, ఇన్నయన్ని లోపల ఉండిపోయినయి.

నువ్వు ఎంఫిల్ రెండో ఏడు చదివేటప్పుడు ఒక రాత్రి ఫోన్ల చెప్పినవు, పురుడయినంక వెయ్యి మందిల ఒకరిద్దరికి ఇట్ల అయితదని, రెండు మూడు వారాలల్లనే మొదలైతదని, నిద్ర పోతదని, బిడ్డ మీద లేనిపోనివి తోస్తయని, తొందరగ పట్టుకుంటె మందులకు తగ్గుతదని. నేను పాలు పొంగుతున్నయని ఫోను పెట్టేసిన. పాలు పొంగలే. గోడకు ఆనుకొని కూసున్న.

ఇప్పుడు కాలం కొంచెం మారింది, అది నాకు తెలుసు. 2017 మానసిక ఆరోగ్య చట్టంల 115వ సెక్షన్ వచ్చింది, తానే చావబోయిన మనిషి పెద్ద బాధల ఉన్నదనే ముందు అనుకోవాలె అని. 309 ఆ కొత్త బీఎన్ఎస్‌ల లేనే లేదు. పిల్లల మీద లైంగిక దాడుల కేసులకు 2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం ఉన్నది, ముద్దాయి పిల్లకు కనపడొద్దు, మాటిమాటికి కోర్టుకు పిలవొద్దు. అంతకుముందు బోను పైకి తల గూడ రాని పిల్లలను నిలబెట్టి అడిగేటోళ్లు. నువ్వు పోయి ఆ పిల్లల పక్కన కూసుంటున్నవంటె నాకు ఎంత మంచిగనిపిస్తదో నోటితోని చెప్పరాదు. ఆ ఫైల్ల లేని కాయిదం నా బిడ్డ రాస్తున్నదనుకుంట.

అందుకనే అడుగుతున్న. 22 రోజుల కింద నువ్వు ఫోన్ల "బాగున్న, తిన్న" అన్నవు. ఏం తిన్నవే అంటె జర సేపు ఆగి, "అదే, అన్నం" అన్నవు. ఆ ఆగుడు నాకు తెలుసు. నేను గూడ అట్లనే ఆగేదాన్ని, మీ అమ్మమ్మ అడిగితె.

కేసులు చెప్పమని అంటలేను. చెప్పొద్దు, చట్టం ఒప్పదు, నేను అడగ. నీకు పైన ఒక మేడం ఉంటదని, వారానికోసారి ఆమె ముందల కూసొని అన్ని చెప్పుకోవాలె, అది గూడ మా పనిల భాగమే అని నువ్వే అన్నవు గదా. పోతున్నవా? నిజంగ పోతున్నవా, లేకుంటె ఫైళ్ల సంగతి చెప్పి వస్తున్నవా? మన గల్లీ అంగన్‌వాడీ గోడ మీద, మనసు బాగలేకుంటె ఫోను చేసే 14416 నంబరు నేనే పెయింటు తెచ్చి రాయించిన, రాత్రి పగలు ఎప్పుడైనా మాట్లాడొచ్చని నువ్వు చెప్తేనే. నువ్వు అందరికి చెప్తవు. నీకు నిద్ర పడుతున్నదా?

పెండ్లి సంగతి ఈ ఉత్తరంల ఎత్తొద్దనుకున్న, ఎత్తలే. సరిత వాళ్ల పెండ్లికి మాత్రం రావాలె, ఆమె నోరు నీ మొహం చూస్తెనే మూసుకుంటది.

వచ్చే ఆదివారం పొద్దుగాల ఆరింటి బస్సుకు నేను వస్తున్న. ఎల్బీనగర్‌ల దిగి ఆటో పట్టుకుంట, నువ్వు ఎదురు రావొద్దు, పండుకో. కుసుమ నూనె తెస్తున్న, తలకు పెట్టి స్నానం చేయిస్త. నేనేం అడగ. నీకు చెప్పాలనిపిస్తె చెప్పు, లేకుంటె కూరగాయలు తరుక్కుంట కూసుందాం. రాత్రికి అక్కడనే ఉంట. సోమవారం నీ టైముకు నువ్వు పో, తాళం నేను వేసి పక్కింటోళ్లకు ఇచ్చి వస్త.

నవీను పరీక్ష కాంగనే వానికి అన్నం పెట్టి పంపు. ఖాళీ డబ్బాలు వానికి ఇయ్యి, పాత పచ్చ మూత డబ్బా గూడ.

మీ అమ్మ