పరిసయ్యులు కాపాడిన నిరీక్షణ

సంపాదకులకు నమస్కారం.

ఈస్టరు సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. భక్తితో, మంచి తెలుగులో రాసిన వ్యాసం అది. అయితే మృతులు లేస్తారన్న మాట యూదులు అంతకుముందు ఎన్నడూ విననిదని, దాన్ని సహించలేకనే ఆనాటి యూదులలో ఒక మతపక్షమైన పరిసయ్యులు యేసుకు శత్రువులయ్యారని అందులో రాసిన రెండు వాక్యాలు తప్పు. చిన్న తప్పయితే ఊరుకునేవాడిని. ఆదిమ క్రైస్తవుల విశ్వాసానికి ఆయువుపట్టు లాంటి విషయాన్నే తలకిందులుగా రాశారు కనుక ఈ లేఖ రాయవలసి వచ్చింది.

పునరుత్థానం, అంటే మృతులు తిరిగి లేవడం, లేదన్నవారు సద్దూకయ్యులనే మరో పక్షంవారు. ఉందని నమ్మి బోధించినవారు పరిసయ్యులు. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయం ఈ సంగతిని విప్పి చెబుతోంది. యెరూషలేములో యూదుల మహాసభ ఎదుట నిలబడిన పౌలు, తాను పరిసయ్యుడినని, పరిసయ్యుల సంతతివాడినని, మృతుల పునరుత్థానాన్ని గురించిన నిరీక్షణ, అంటే ఆశ, వల్లనే తనను విచారిస్తున్నారని అన్నాడు. ఒకప్పుడు పరిసయ్యుడిగా ఉండేవాడినని అనలేదు. అప్పటికి ఆయన క్రీస్తును ప్రకటించడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆ మాటతో సభ రెండుగా చీలిపోగా, పరిసయ్యుల పక్షపు శాస్త్రులు, అంటే ధర్మశాస్త్ర పండితులు, కొందరు లేచి ఈ మనిషిలో ఏ దోషమూ లేదని ఆయన తరఫున వాదించారు. బేతనియలో సోదరుణ్ణి పోగొట్టుకున్న మార్త కూడా, అంత్యదినాన అతడు లేస్తాడని తనకు తెలుసునని యేసుతో అన్నది లాజరు సమాధి తెరవకముందే. అది ఆమె తన జనుల మధ్య పుట్టి పెరిగి నేర్చుకున్న విశ్వాసం. సద్దూకయ్యులు, ఏడుగురు అన్నదమ్ములకు వరుసగా భార్య అయిన స్త్రీ పునరుత్థానంలో ఎవరి భార్య అవుతుందని అడిగి ఈ నమ్మకాన్ని ఎగతాళి చేసినప్పుడు యేసు నిలబడినది పరిసయ్యుల పక్షానే. ఆయన జవాబు బాగుందని శాస్త్రులు మెచ్చుకున్నారని లూకా రాశాడు.

ఈ నిరీక్షణ ఇశ్రాయేలులో మొదటినుంచీ ఇంత స్పష్టంగా లేదన్నది నిజమే. చనిపోయినవారు మౌనంలోకి దిగిపోతారని, మృతులు యెహోవాను స్తుతించరని 115వ కీర్తన చెబుతుంది. యెహెజ్కేలు చూసిన ఎండిన ఎముకలు చెరలో ఉన్న జనం మళ్లీ లేవడానికి గుర్తు. క్రీ.పూ. 167 ప్రాంతంలో సిరియాను ఏలిన గ్రీకు రాజు నాలుగవ అంతియొకస్ యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసి, సున్నతిని, విశ్రాంతిదినాన్ని నిషేధించి, ధర్మశాస్త్రాన్ని విడవనివారిని చంపించాడు. దేవుని మాట విన్నందుకే ప్రాణం పోగొట్టుకున్నవారికి దేవుడు న్యాయం ఎప్పుడు చేస్తాడన్న ప్రశ్న అప్పుడు తప్పించుకోలేనిదయింది. సమాధులలో నిద్రించేవారు మేలుకుంటారని దానియేలు గ్రంథం 12వ అధ్యాయం ఇచ్చిన జవాబు ఆ శ్రమల నడుమ జనం గుండెల్లో నాటుకుంది.

ఆ శ్రమల కాలాన్ని చెప్పే మక్కబీయుల రెండవ గ్రంథం 7వ అధ్యాయంలో ఒక తల్లి, ఆమె ఏడుగురు కొడుకులు ఉన్నారు. పందిమాంసం తినమని రాజు వారిని చిత్రహింసలు పెట్టిస్తాడు. మూడవవాణ్ణి నాలుక చాపమంటే చాపాడు, చేతులు ధైర్యంగా ముందుకు పెట్టాడు. ఇవి నాకు పరలోకం నుంచి వచ్చాయి, దేవుని ధర్మం కోసం వీటిని లెక్కచేయను, ఆయన దగ్గరే వీటిని మళ్లీ పొందుతానని అన్నాడు. నా కడుపులో మీరెలా రూపు కట్టారో నాకు తెలియదు, మీకు ఊపిరి పోసింది నేను కాదు అని ఆ తల్లి కొడుకులకు తమ సొంత భాషలో ధైర్యం చెబుతుంది. ఆ చేతులను తలచుకున్నాకే లూకా సువార్త చివరి అధ్యాయం నాకు సరిగా అర్థమయింది. తిరిగి లేచిన యేసు శిష్యులతో నా చేతులు చూడండి, నా పాదాలు చూడండి అంటాడు. పోయిన చేతులను దేవుడు తిరిగి ఇస్తాడన్న ఆశ ఆ గదిలో ఉన్నవారికి కొత్తది కాదు. పౌలు నోట ఇదే బోధ విని ఏథెన్సులో గ్రీకులు కొందరు నవ్వారు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు, మృతుల పునరుత్థానమే లేకపోతే క్రీస్తు కూడా లేపబడలేదని వాదిస్తాడు. ముందు యూదుల నమ్మకం, దాని మీద క్రీస్తు సంగతి, వరుస అదీ. ఆ వెంటనే క్రీస్తును ప్రథమఫలం అంటాడు. అది లేవీయకాండము 23లోని మాట. పస్కా పండుగ రోజుల్లో యవల కోతలోని మొదటి పనను, అంటే కట్టను, యాజకుడు దేవుని సన్నిధిలో అల్లాడిస్తాడు. ఒక్క పన ముందు వస్తే చేనంతా వెనక వస్తుందని కోత కోసిన మన రైతుకు వివరించనక్కరలేదు. ఆ రోజు నుంచి యాభై రోజులు లెక్కపెడితే వచ్చే వారముల పండుగే పెంతెకొస్తు. మరి క్రైస్తవులు కొత్తగా చెప్పింది ఏమిటంటే, అందరూ అంత్యదినాన లేస్తారనుకున్నచోట ఒక్కడు ముందుగా లేచాడని, అదీ రోమా సైనికులు సిలువ వేసినవాడని. అది చిన్న విషయమేమీ కాదు, కాని పన లేచింది ఇశ్రాయేలు చేనులోనే.

మా సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఒకరోజు ఆటలో మోసం చేసిన పిల్లవాణ్ణి తోటివాడు కపటి అనే అర్థంలో పరిసయ్యుడా అని తిట్టాడు. ఆ మాట వాడికి నేర్పింది నేనే. ఆ వారం నుంచి పాఠం మార్చుకున్నాను. మత్తయి 23వ అధ్యాయంలో పరిసయ్యుల మీద కఠినమైన మాటలున్నాయి, కాదనను; ఆమోసు, యెషయా తమ సొంత జనాన్ని అంతకంటే ఘాటుగా మందలించారు. యేసును భోజనానికి పిలిచినవారిలో, హేరోదు చంపజూస్తున్నాడు వెళ్లిపొమ్మని ఆయనను హెచ్చరించినవారిలో, అపొస్తలులను వదిలిపెట్టమని సభలో చెప్పిన గమలీయేలులో, యెరూషలేము సంఘంలో చేరిన విశ్వాసులలో కూడా పరిసయ్యులున్నారని సువార్తలు, అపొస్తలుల కార్యములే చెబుతున్నాయి. క్రీ.శ. 70లో రోమా సైన్యం దేవాలయాన్ని కూల్చిన తరువాత సద్దూకయ్యులు చరిత్ర నుంచి తొలగిపోయారు. పరిసయ్యుల బాట నేటి యూదమతంగా నిలిచింది. మృతులను బ్రతికించే దేవుడని ఆయనను స్తుతించే ప్రార్థనను సంప్రదాయం పాటించే యూదులు ఈనాటికీ రోజుకు మూడు పూటలా నిలబడి చేస్తారు. ఆ జనాన్ని పునరుత్థానానికి విరోధులని రాయడం వారికి అన్యాయం, మన పాఠకులకూ అన్యాయం.

ఆ రెండు వాక్యాలకు సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మరొక విన్నపం. మక్కబీయుల గ్రంథాలు తెలుగు కతోలిక బైబిలులో ఉన్నాయి గాని, మా ప్రొటెస్టెంటు ఇళ్లలోని 66 పుస్తకాల బైబిలులో లేవు. అందుచేత హెబ్రీయులకు రాసిన పత్రిక 11:35లో, మరింత శ్రేష్ఠమైన పునరుత్థానం కోసం విడుదలను కూడా వద్దని యాతన అనుభవించినవారన్న మాట దగ్గర మాలో చాలామంది ఎవరి గురించో తెలియకుండానే పేజీ తిప్పేస్తారు. వచ్చే ఈస్టరు అనుబంధంలో ఆ తల్లి కథకు ఒక పేజీ ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నరసరావుపేట