డబ్బాలో మొదటి సంతకం ఎవరిది?

సంపాదకుల వారికి,

జీపీఎస్ అంకెలు పట్టుకుని ఎవరో దాచిన డబ్బాను వెతికే జియోకాషింగ్ 2000 మే నెలలో అమెరికాలోని ఒరెగాన్‌లో మొదలైంది. కొత్త డబ్బాను అందరికన్నా ముందు కనిపెడితే ‘ఎఫ్‌టీఎఫ్’ (ఫస్ట్ టు ఫైండ్) అంటారు. దీనికి అధికారిక లెక్కంటూ ఏదీ లేదు కాబట్టి మర్యాదే ఆధారం.

ఎవరు మొదటో తేల్చేది డబ్బాలో ఉంచే సంతకాల కాగితం, ఫోన్ కాదు. తేదీతో పాటు గంటా నిమిషాలూ రాసి సంతకం చేయాలి. సిగ్నల్ దొరక్క యాప్‌లో ఆలస్యంగా నమోదు చేసినా మొదటివారు మొదటివారే. రెండోవారు ముందే యాప్‌లో పెట్టేసి, వెనకొచ్చిన కొమ్ములు వాడి అనిపించుకోకూడదు. దాచినాయన వెంటే వెళ్లి, డబ్బా సంగతి ప్రకటించకముందే సంతకం పెట్టేవారూ ఉంటారు. దీనిపై ఆటగాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. మా మటుకు అది చెల్లదు.

కెమెరా రీలు వచ్చే చిన్న ఫిల్మ్ డబ్బాలో దాస్తే, అందులో పట్టే కాగితం సన్నటి చీటీ. మొదటివారే పేద్ద అక్షరాలతో నింపేస్తే తర్వాతవారికి చోటెక్కడ? జెల్ పెన్ను వద్దు, చెమట చేతికే అలుక్కుపోతుంది, పెన్సిల్ మేలు. మూత టక్కుమనేదాకా నొక్కకపోతే తొలి వానకే కాగితం ముద్దవుతుంది.

మొగల్రాజపురం కొండల్లాంటి చోట రాళ్ల పక్కన జీపీఎస్ పది మీటర్లు తప్పినా ఆశ్చర్యం లేదు. మొదటి పేరు కోసం అర్ధరాత్రి టార్చితో పొదలు కెలకడం, పోలీసులు అడిగితే నీళ్లు నమలడం ఎందుకు? తెల్లారాక వెళ్లండి. ఉండవల్లి గుహలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అక్కడ రాయి కదిలించనే కూడదు.

— జియోకాషింగ్ ఆడే కొందరు, విజయవాడ