రాజీనామా వేరు, తొలగింపు వేరు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ఫెడరల్ ఉద్యోగుల గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు చదివితే, ఇంటి నుంచి పని మానుకుని ఆఫీసుకు వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు ఎనిమిది నెలల జీతం ఇచ్చి పంపిస్తున్నారన్నట్టే ఉంటోంది. అది చదివి ఇక్కడి తల్లిదండ్రులు, అక్కడ పౌరసత్వం తీసుకుని ఆ కొలువుల్లో ఉన్న పిల్లలకు ‘ఇచ్చింది తీసుకుని బయటపడండి’ అని ఫోన్లో చెబుతున్నారు. ఆ సలహా కొందరికి సరిపోతుంది. సర్వీసు ఎక్కువున్న వాళ్లకు మాత్రం అది పెద్ద నష్టం తెచ్చిపెట్టవచ్చు.

ముందు ఆ ఎనిమిది నెలల సంగతి. ఆఫీసులకు తిరిగి రావాలన్న అధ్యక్షుడి ఉత్తర్వు 2025 జనవరి 20న వచ్చింది. 28న సిబ్బంది నిర్వహణ కార్యాలయం (ఓపీఎం) నుంచి ఉద్యోగులందరికీ ఈమెయిల్ వెళ్లింది. ‘రిజైన్’ అని ఒక్క మాట టైపు చేసి జవాబు పంపితే సెప్టెంబరు 30 దాకా జీతం వస్తుందని అందులో ఉంది. ఇప్పుడే రాజీనామా చెప్పి సెప్టెంబరులో వైదొలగే ఈ పథకమే ‘వాయిదా రాజీనామా’. గడువు ఫిబ్రవరి 6. బోస్టన్ కోర్టులో కేసు నడవడంతో అది 12 దాకా సాగింది. దాదాపు 75 వేల మంది ఒప్పుకున్నారని ప్రభుత్వం చెప్పింది. ఆ రోజున ప్రభుత్వానికి నిధుల మంజూరు మార్చి 14 వరకే ఉంది. సెప్టెంబరు దాకా ఇస్తామన్న మాట ఆ మంజూరును దాటినదే. తర్వాత నిధులు వచ్చాయి కాబట్టి సరిపోయింది. ఏప్రిల్‌లో కొన్ని శాఖలు ఇదే పథకాన్ని మళ్లీ తెరిచాయి, జీతం మాత్రం అదే సెప్టెంబరు దాకే. అప్పుడు ఒప్పుకున్నవాళ్లకు దక్కింది ఎనిమిది కాదు, ఐదు నెలలే.

ఇంటి నుంచి పనిచేసే వాళ్లందరినీ మన వార్తలు ఒకే గాటన కడుతున్నాయి. టెలివర్క్ చేసేవారికి అధికారిక పనిచోటు (డ్యూటీ స్టేషన్) ఆఫీసే, కొన్ని రోజులు మాత్రం ఇంటి నుంచి చేస్తారు. రిమోట్ ఉద్యోగికి డ్యూటీ స్టేషన్ ఇల్లే. 2024 ఆగస్టు ప్రభుత్వ నివేదిక ప్రకారం సుమారు 22.8 లక్షల మంది పౌర ఉద్యోగుల్లో 54 శాతం పూర్తిగా పనిచోటికి వెళ్లేవారే. రిమోట్ ఉద్యోగులు 10 శాతం, అంటే 2.28 లక్షలు. టెలివర్క్ రద్దయితే రోజూ ప్రయాణం పెరుగుతుంది. రిమోట్ రద్దయితే అది బదిలీ కిందికి వస్తుంది. ఏ ఆఫీసుకూ 50 మైళ్ల లోపు లేనివారిని కూడా ఏదో ఒక ఆఫీసుకు మార్చాలని ఓపీఎం శాఖలకు సూచించింది. ఊరు మారితే, ప్రాంతాన్ని బట్టి జీతానికి కలిపే లోకాలిటీ పే కూడా మారుతుంది. ఇల్లు మారే ఖర్చు ఎవరు భరిస్తారో ముందే లిఖితపూర్వకంగా అడగాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. వేరే ఊరికి బదిలీ అనగానే ‘నేను వెళ్లలేను’ అని రాజీనామా రాసేస్తున్నారు. ఎక్కడికైనా వెళ్తానని మొబిలిటీ అగ్రిమెంటు మీద సంతకం చేయనివారు, ఇప్పటి ప్రయాణ పరిధి దాటిన బదిలీకి నిరాకరిస్తే, శాఖ వాళ్లను తొలగించాలి. అలాంటి తొలగింపుకు సెవరెన్స్ పే, అంటే ఉద్యోగం పోయినందుకు ఇచ్చే పరిహార జీతం వస్తుంది. అదే పరిధిలోని ఆఫీసుకు రమ్మంటే కాదన్నవారికి ఇది వర్తించదు.

సెవరెన్స్ లెక్క ఇలా ఉంటుంది. మొదటి పదేళ్ల సర్వీసుకు ఏడాదికో వారం జీతం, ఆపైన ప్రతి ఏడాదికీ రెండు వారాలు. వయసు 40 దాటితే, దాటిన ప్రతి మూడు నెలలకూ 2.5 శాతం అదనం. మొత్తం 52 వారాలు మించదు. 46 ఏళ్ల వయసు, 14 ఏళ్ల సర్వీసు ఉన్న వ్యక్తికి 10, 8 కలిపి 18 వారాలు. వయసుకు 60 శాతం కలిపితే 28.8 వారాలు. పోస్టుల కోతలో అయితే సాధారణంగా 60 రోజుల నోటీసు కాలం కూడా జీతంతోనే గడుస్తుంది. ఈ మనిషి ఏ ఒప్పందమూ లేకుండా ఉత్త రాజీనామా ఇస్తే సెవరెన్స్ సున్నా. ముప్పై ఏళ్ల వయసు, ఐదేళ్ల సర్వీసు అయితే సెవరెన్స్ ఐదు వారాలే. అతనికి మాత్రం ఆ సెప్టెంబరు బేరమే మేలుగా ఉండేది.

పింఛను దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ పాత పింఛను నిబంధనల్లో రాజీనామా చేస్తే వెనకటి సర్వీసు పోతుంది కాబట్టి అక్కడా అంతేననుకుంటారు. అక్కడ ఐదేళ్లు నిండితే రాజీనామా చేసినా 62 ఏళ్లకు పింఛను హక్కు ఉంటుంది. అసలు నష్టం ఆరోగ్య బీమాలో ఉంది. ఉద్యోగంలో ఉండగా ప్రీమియంలో నాలుగింట మూడు వంతుల దాకా ప్రభుత్వం కట్టే ఆ బీమాను వెంటనే పింఛను మొదలయ్యే వారే, అదీ అంతకుముందు ఐదేళ్లు వరుసగా అందులో ఉన్నవారే, కొనసాగించుకోగలరు. రాజీనామా చేసినవారికి 31 రోజులు ఉచితం. తర్వాత 18 నెలల దాకా మొత్తం ప్రీమియం, దానిపై మరో 2 శాతం సొంతంగా కట్టుకోవాలి.

పోస్టు పోయిన వారికి 50 ఏళ్లు, 20 ఏళ్ల సర్వీసు ఉన్నా, ఏ వయసులోనైనా 25 ఏళ్ల సర్వీసు ఉన్నా వెంటనే పింఛను వస్తుంది, బీమా నిలుస్తుంది. 24 ఏళ్ల 11 నెలల దగ్గర విసిగిపోయి రాజీనామా రాస్తే రెండూ చేజారతాయి. ఆ నెల కోసం ఆగలేని పరిస్థితి వచ్చినా దారి ఉంది. పోస్టుల కోతలో, పైన చెప్పిన బదిలీ నిరాకరణలో, మిగిలిన వార్షిక సెలవును తొలగింపు తేదీ దాటి వాడుకుని ఆ అర్హత అందుకోవచ్చని నిబంధనే ఉంది. ఈ మాట అడగందే హెచ్‌ఆర్ వాళ్లు చెప్పకపోవచ్చు.

ఇక ఒత్తిడి. 2025 ఫిబ్రవరి 22న ‘గత వారం ఏం చేశారు’ అని ఓపీఎం నుంచి ఉద్యోగులకు ఈమెయిల్ వెళ్లింది. జవాబివ్వకపోతే రాజీనామా చేసినట్టే అని, అప్పట్లో ప్రభుత్వ సిబ్బంది కోతను నడిపించిన ఎలాన్ మస్క్ ఎక్స్‌లో రాశారు. మౌనాన్ని రాజీనామాగా తీసుకునే నిబంధన ఏదీ లేదు. రాజీనామా ఉద్యోగి తనకు తానుగా చేసే పని. అయితే దీనికి మరో వైపు ఉంది. కాగితం మీద సంతకం పడిందంటే అది ఇష్టపూర్వకమేనని ఫెడరల్ ఉద్యోగుల అప్పీళ్లు వినే బోర్డు మొదట భావిస్తుంది. బలవంతం జరిగిందనో, తప్పుడు సమాచారమిచ్చారనో రుజువు చేసుకోవలసింది ఉద్యోగే.

అందుకే పై అధికారి వీడియో కాల్‌లో ‘నీ పోస్టు ఉండదు, నువ్వే తప్పుకుంటే రికార్డు శుభ్రంగా ఉంటుంది’ అంటే, ఆ రోజే రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టాలి: ‘నా పోస్టు రద్దవుతుందని ఈరోజు మీరు చెప్పారు. లిఖిత నోటీసు ఎప్పుడు వస్తుందో తెలియజేయగలరు.’ పోస్టుల కోత క్రమశిక్షణ చర్య కాదు, దానివల్ల రికార్డుకు మచ్చ రాదు. ఫలానా తేదీన తొలగిస్తున్నామన్న నోటీసు చేతికొచ్చాక రాజీనామా ఇస్తే సెవరెన్స్ హక్కు సాధారణంగా నిలుస్తుంది. నోటీసుకు ముందు ఇస్తే నిలవదు. రెండు కాగితాల్లో ఏది ముందు అన్నదే తేడా.

కేసులు వేయనని రాయించుకునే ఒప్పందమైతే, 40 ఏళ్లు నిండినవారికి సామూహిక పథకాల్లో ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం చేశాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు చట్టమే ఇచ్చింది. ‘ఈ సాయంత్రంలోగా చెప్పాలి’ అంటే ఆ చట్టం గుర్తుచేయాలి. ఆఖరి రోజుకు ముందే ఎస్‌ఎఫ్-50లన్నీ (నియామకం, బదిలీ, తొలగింపు వంటి ప్రతి మార్పునూ నమోదు చేసే పత్రాలు), పనితీరు నివేదికలు, సెలవుల లెక్క సొంత కంప్యూటర్లోకి దింపుకోవాలి. ఆఫీసు గుర్తింపు కార్డు వెనక్కిచ్చాక అవి ఉన్న ఆన్‌లైన్ ఫైలు తెరుచుకోదు. చివరి ఎస్‌ఎఫ్-50లో కోడ్ 317 అని ఉంటే అది ఉత్త రాజీనామా. 312 అయితే తొలగింపుకు బదులుగా ఇచ్చిన రాజీనామా. నోటీసు తర్వాత తప్పుకున్నవారికి 317 పడితే వెంటనే సవరించమని రాయాలి, ఎందుకంటే నిరుద్యోగ భృతి ఇచ్చే రాష్ట్ర కార్యాలయం శాఖను అడిగేది మానేసిన కారణమే.

ఇకపై ఈ వార్తలు వేసేటప్పుడు అది రాజీనామానా, వాయిదా రాజీనామానా, పోస్టుల కోతా అన్నది శీర్షికలోనే స్పష్టంగా రాయమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు